బోణీ కాని దుకాణం

ఊళ్లో అయితే మంగళవారం, శుక్రవారం మంగలికత్తి పొదిలోంచి బయటికి రాదు. వస్తే ఇంటికి అరిష్టం. ఘాలా లేబరు క్యాంపులో సెలవు శుక్రవారం ఒక్కటే. కాబట్టి కరీంనగర్ జిల్లా దేవుళ్లందరూ ఒమాన్ చేరాక ఈ ఒక్క విషయంలో సర్దుకుపోయారు. శుక్రవారం పొద్దు పొడిచేసరికి భీమన్న క్యాంపు వెనక్కి నడిచేవాడు. అక్కడ రాళ్లగుట్టకూ రేకుల రూములకూ మధ్య మన తుమ్మలాంటి ముళ్లచెట్టు ఒకటి ఉంది. దాని మొదట్లో ఖాళీ సున్నపు డబ్బా బోర్లించి, మేకుకు అద్దం తగిలించి, పొది విప్పేవాడు.

కంపెనీ లెక్కలో అతను కాంక్రీటు లేబరు. మిగతా ఆరు రోజులూ పార, తట్ట. మంగలిపని చేస్తానని చెప్పుకుని వచ్చినవాడు కాదు, చెప్పుకోకూడదనే వచ్చాడు. 'ఒరే మంగలోడా' అని పిలిచే నోళ్లకు దూరంగా, అందరితో పాటు సిమెంటు మోసుకుని బతికితే చాలనుకున్నాడు. అయినా తాత వాడిన కత్తిని ఇంట్లో వదిలి రావడానికి మనసొప్పక పెట్టె అడుగున పెట్టుకొచ్చాడు. పక్క మంచం గంగన్న మొదటి వారమే దాన్ని చూశాడు. కుండ మూతి మూయగలం గానీ గంగన్న నోరు మూయలేం. మరుసటి శుక్రవారానికి రూము ముందు తలలు బారులు తీరాయి.

నగరంలో దుకాణాలు లేక కాదు. మత్రా బజారులో కుర్చీలు, అద్దాలు, అత్తరు వాసన అన్నీ ఉన్నాయి. కానీ సెలవునాడు కంపెనీ బస్సు అటు పోదు. ఎలాగో పోయినా, జుట్టులో గడ్డకట్టిన సిమెంటు చూసి దుకాణంవాడు తన దువ్వెన విరుగుతుందని మొహం చిట్లిస్తాడు. భీమన్న అలాంటి తలకు ముందు కొబ్బరినూనె పట్టించి ఎండలో కూర్చోబెట్టేవాడు. నాలుగు తలలయ్యాక మళ్లీ పిలిచి, కొసల నుంచి మొదలుపెట్టి ఒక్కో గడ్డనూ వేళ్లతో నలిపి రాల్చేవాడు. రేటంటూ లేదు. ఊళ్లో పంటకు మేర కొలిచినట్టు జీతాల నాడు తోచినవాడు తోచినంత ఇచ్చేవాడు. ఒకడు సబ్బుబిళ్ల, ఒకడు నూనెడబ్బా. ఇక్కడ కత్తి పట్టినా అందరూ 'భీమన్నా' అనే పిలిచేవారు. ఆ పిలుపు అతనికి సబ్బుబిళ్ల కంటే ఎక్కువ.

ఒక్కటే దిగులు. సిమెంటు వేళ్లను తినేస్తోంది. చివర్లు పగిలి, చర్మం మొద్దుబారి, కత్తి అంచు మీద బొటనవేలు ఆనిస్తే మునుపటిలా కబురు తెలియడం లేదు. ఇంకో ఏడాది తట్ట మోస్తే ఆ చెయ్యి ఇక కత్తికి పనికిరాదని అతనికి తెలుసు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

డెబ్బై ఏడులో, ఎండలు ఇంకా ముదరని ఒక శుక్రవారం, గంగన్న ఊరివాడు మల్లేశం డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చెంప అయింది, కుడి చెంపకు సబ్బు రాశాడు. మల్లేశానికి మీసమంటే ప్రాణం. దాని కొసలు ఎంత తీయాలో చెబుతుండగా తెల్లటి జీపు వచ్చి చెట్టు నీడలోనే ఆగింది. బలదియా జీపు. బలదియా అంటే అక్కడి మునిసిపాలిటీ. దిగినవాడు పాతికేళ్ల కుర్రాడు. మల్లెపువ్వులాంటి దిష్‌దాషా, పాదాల దాకా దిగే అంగీ, తొడుక్కున్నాడు, చంకలో ఫైలు. దేశం కొత్తగా రోడ్లు వేసుకుంటోంది, ఆసుపత్రులు కట్టుకుంటోంది. వాటిలాగే ఇతనూ కొత్తవాడు, పని మీద నమ్మకమున్నవాడు. నేల మీద వెంట్రుకలు, డబ్బాలో నురగనీళ్లు, పదిమందికీ ఒకటే తువ్వాలు చూశాడు. అరబీలో గడగడా ఏదో అన్నాడు.

క్యాంపు బాసు నసీరుద్దీన్ లుంగీ సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. హైదరాబాదు మనిషి.

"అరే భీమన్నా, గప్‌చుప్ ఉండు. లైసెన్సు ఏదని అడుగుతుండు. రుఖ్సా, రుఖ్సా."

"చెట్టుకిందికి లైసెన్సేంది సాబ్?"

"గదే నేను జెప్తే నన్ను గూడ జీపుల ఎక్కిస్తడు."

ఇన్‌స్పెక్టరు అరవలేదు, చెయ్యి చేసుకోలేదు. మేకు నుంచి అద్దం తీసి నేల మీద బోర్లించాడు. వంగి, పొది చుట్టి, తాడు కట్టి, కత్తీ కత్తెరతో సహా జీపులో పెట్టుకున్నాడు. భీమన్న చేతులు గాల్లోనే ఉండిపోయాయి. జీపు వెళ్లిపోయింది. మల్లేశం ఒక చెంప నున్నగా, ఒక చెంప సబ్బుతో అలాగే కూర్చున్నాడు.

"అన్నా, నా సగం మొఖమేం గావాలె?"

అందరూ నవ్వారు. భీమన్నకు నవ్వు రాలేదు. ఆ కత్తితో తాత అతని పుట్టువెంట్రుకలు తీశాడు. తాత పోయినప్పుడు అదే కత్తితో నాయనకు గుండు గీసింది అతనే. దొంగతనం చేస్తూ దొరికినవాడి సామాను కట్టినట్టు కట్టుకుపోయారు దాన్ని. అతనికి కోపం కాదు, సిగ్గేసింది. సగం గడ్డంతో మనిషిని వదిలేసిన మంగలి వాళ్ల వంశంలోనే లేడు.

*

మరుసటి రోజు బలదియా ఆఫీసుకు అతని వెంట నడిచింది ఖల్ఫాన్. క్యాంపుకు మంచినీళ్లు తెచ్చే ట్యాంకరు ఈ ఒమానీ పెద్దాయనదే, తోలేదీ ఆయనే. రెండు శుక్రవారాలకోసారి నీళ్లు వదిలి, కుట్టుపని టోపీ తీసి మోకాలికి తగిలించుకుని, చెట్టుకింద కూర్చునేవాడు. పొట్టి జుట్టు, రొమ్ము మీదికి దిగిన నెరసిన గడ్డం. గడ్డం అంచులు సరిచేసి మెడ నరాలు నొక్కితే కళ్లు మూసుకుని "యా సలాం" అనేవాడు. చిన్నతనంలో రేవుల్లో పనిచేసి హిందీ నేర్చాడు. ఇద్దరి మధ్యా భాష సగం హిందీ, పావు అరబీ, మిగిలింది చేతులు.

బలదియా ఆఫీసులో ఆ కుర్రాడు కుర్చీలోంచి లేచి పెద్దాయనకు ఖహ్వా, అక్కడి కాఫీ, పోశాడు, ఖర్జూరం ముందుకు జరిపాడు. మర్యాదలన్నీ అయ్యాక మాటకు మాత్రం లొంగలేదు. రోగాలు ఇలాంటి చెట్లకిందే పుడతాయన్నాడు. రుఖ్సా ఉండాలి, కడిగితే తెల్లగా మెరిసే నేల ఉండాలి, నాలుగు గోడలుండాలి. ఆ గోడల అవతల కత్తి తెరవకూడదు.

ఖల్ఫాన్ కాఫీ గిన్నె కింద పెట్టాడు. తర్వాత కుడిచేత్తో తన గడ్డం పిడికిట పట్టుకున్నాడు.

ఆఫీసులో గుమాస్తాలు కూడా రాయడం ఆపారు. భీమన్నకు మాటలు పూర్తిగా తెలియలేదు గానీ చెయ్యి తెలిసింది. మా దుకాణంలో కూర్చోబెడతాను, నాలుగు గోడల అవతల ఇతని కత్తి తెరుచుకోదు, ఈ గడ్డమే జామీను, అంటున్నాడు ముసలాయన. కుర్రాడు లేచి అల్మారా తెరిచి పొది తెచ్చి బల్ల మీద పెట్టాడు. కాగితం మీద వేలిముద్ర కూడా అడగలేదు.

దారిలో ట్యాంకరు తోలుతూ ఖల్ఫాన్ విషయం చెప్పాడు. నగరంలో, రూవీలో తమ్ముడికి ఒక గది ఉంది. అందులో ఉన్న మలబారీ మంగలి దేశం పోయాడు. కుర్చీ ఉంది, అద్దం ఉంది. రుఖ్సాను ఖల్ఫాన్ తన పేరు మీదికే మార్పించుకుంటాడు.

"నువ్వు పని చేయి. నేను కూర్చుని చూస్తాను," అన్నాడు నవ్వుతూ. "గురువారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ఇన్‌స్పెక్టరే వచ్చి చూసి కాగితం ఇస్తాడు. మొదటి గడ్డం నాది."

"బోణీ మీదేనా అర్బాబ్?" అక్కడ యజమానిని పిలిచే మాటతో అడిగాడు భీమన్న.

"బోణీ అంటే?"

భీమన్న చెప్పాడు. మొదటి బేరం మంచి చేతిది కావాలి. అదెలా ఉంటే దుకాణం జాతకం అలా ఉంటుంది. ఖల్ఫాన్‌కు ఆ మాట నచ్చింది. ఘాలా వచ్చేదాకా రెండుమూడు సార్లు పలికి చూసుకున్నాడు.

నసీరుద్దీన్ పెద్ద సాబుతో మాట్లాడాడు. రుఖ్సా చూపించిన రోజు కంపెనీ విడుదల చేస్తుంది, అందాకా జీతం లేని సెలవు. "నసీబు మియా," అన్నాడు. "సిమెంటు నుంచి సెంటుకు పోతున్నవ్."

భీమన్న ఆ సాయంత్రం రూములో చేతులకు నూనె రాసుకుంటూ వేళ్లను ఒక్కొక్కటే చూసుకున్నాడు. ఇక ఇవి బతుకుతాయి అనుకున్నాడు.

*

రూవీ గదిని అతను ఇల్లు కడిగినట్టు కడిగాడు. గోడలకు రెండు పూతల సున్నం వేశాడు. మలబారీ వదిలిపోయిన సినిమా బొమ్మలు గోకి తీశాడు. కుర్చీ ఇనుపది, ఎర్రతోలుది, కింద మీట నొక్కితే పైకి లేస్తుంది. ఎవరూ చూడనప్పుడు తనే ఎక్కి కూర్చుని రెండుసార్లు పైకీ కిందికీ పోయి వచ్చాడు. అద్దం నిలువెత్తుది. ఊళ్లో ఒకరి మొహం వాళ్లకు చూపించడానికి అరచేయంత అద్దం పట్టుకుని నిలబడేవాడు. ఇక్కడ మనిషి, మనిషి వెనక మంగలి, ఇద్దరూ ఒకే ఎత్తున కనిపిస్తున్నారు. దాన్ని తుడిచిందే తుడిచాడు.

పనుల మధ్య దిగులూ వేసేది. క్యాంపువాళ్లు ఇంత దూరం రాగలరా? సిమెంటు తలకు ఎండ చూపించడానికి ఇక్కడ చోటేది? పక్కనున్న టైలరు రహీం, కరాచీ మనిషి, ఆ మాట విని కత్తెర ఆపకుండానే అన్నాడు: "దుకాణం పెట్టాక గిరాకీని బట్టి మనం మారాలి గానీ, మనల్ని బట్టి గిరాకీ మారదు భాయ్." నిజమే అనిపించింది. అయినా సున్నపు డబ్బా ఒకటి తెచ్చి వెనక తలుపు పక్కన పెట్టుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం కొత్త తెల్లకోటు తొడుక్కున్నాడు. రహీమే కుట్టాడు. తువ్వాళ్లు మడిచి, పటికబిళ్ల కడిగి, కత్తిని తోలు మీద లాగుతున్నాడు. ఖల్ఫాన్ మసీదుకు వెళ్లాడు, నమాజు కాగానే ఇన్‌స్పెక్టరును వెంటబెట్టుకు వస్తానన్నాడు. బయట సిమెంటు లారీ ఆగిన చప్పుడైంది. చూస్తే గుమ్మంలో గంగన్న. సెలవు మీద ఊరికి పోయినవాడు తెల్లారే దిగాడట. అతని వెనక మల్లేశం. మొహం నల్లగా, పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

గంగన్న వచ్చాడంటే ముందు ఒక ఎకసెక్కెం వినిపించాలి. ఈసారి వినిపించలేదు.

"అన్నా, లస్మవ్వ పోయింది," అన్నాడు మెల్లగా. "ఈని కన్నతల్లి. నేను ఊళ్ల ఉన్నప్పుడే. దినాలు గూడ అయినయి. సిన్నోడు చేసిండు. నేనొచ్చి చెప్పేదాక ఈనికి ఎర్క లేదు."

మల్లేశం గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు.

"పొద్దుగాల్నుంచి నీళ్లు గూడ ముట్టలేదు. గుండు అయితెనే తానం, తానమయితెనే బువ్వ అంటున్నడు. క్యాంపుల ఎవరు గియ్యాలె అన్నా? నువ్వుంటివి, నువ్వు గిక్కడికి వస్తివి."

కబురు విన్న నాడే చావు. విన్న నాడే తల తీయాలి, స్నానం చేయాలి, అందాకా పొయ్యి వంక చూడకూడదు. భీమన్నకు ఒకరు చెప్పక్కర్లేదు, అది అతని వంశం కాపాడుకొచ్చిన పని. కానీ ఆ తల ఇంట్లో తీయరు. కప్పు కింద తీయరు, అద్దం చూపించరు. ఆకాశం కింద, నీటి పక్కన, నేల మీద కూర్చోబెట్టి తీస్తారు. పైగా ఈ దుకాణంలో ఇంకా ఒక్క వెంట్రుక తెగలేదు. బోణీ చావుతలా?

అతను గుమ్మంలోంచి మసీదు వైపు చూశాడు. నమాజు పిలుపు బాంగు అయిపోయింది. జనం ఇంకా బయటికి రాలేదు.

"మల్లేశం, రేప్పొద్దున క్యాంపుకు నేనొస్త," అన్నాడు. అనగానే ఆ మాట ఎంత అన్యాయమో అతనికే తెలిసింది. రేపు మాత్రం ఎక్కడ తీస్తాడు? కాగితం చేతికొచ్చాక ఏ చెట్టుకింద కత్తి తెరుస్తాడు? ఈ రోజూ రేపూ కాదు, ఇక ఎన్నడూ లేదు. క్యాంపులో ఇంత మంది ఉన్నారు, ఒక్కొక్కరికీ ఊళ్లో తల్లీ తండ్రీ ఉన్నారు.

గంగన్న గోడలను, కుర్చీని, తెల్లకోటును చూశాడు. వాడికి సంగతి అర్థమైంది. "బయట తీస్తె నీ కాయిదం పోతదా అన్నా?"

భీమన్న మళ్లీ మసీదు వైపు చూశాడు.

అప్పుడు మల్లేశం గోడ వదిలి నడిచి వచ్చి, ఎర్రతోలు కుర్చీలో కూర్చున్నాడు. "గిక్కడ్నే తియ్యి," అన్నాడు. "మా అవ్వ ఏమనుకోదు. నీ పని చెడగొట్టుకోకు."

నిలువెత్తు అద్దంలో అతని మొహం ఎదురైంది. మీసంతో, ఎండిన పెదవులతో. ఆ మొహం చూసుకుంటూ మల్లేశం ఒక్కసారిగా ఏడ్చాడు. ఎవరూ లేని చోట పిల్లలు ఏడ్చినట్టు నోరంతా తెరిచి ఏడ్చాడు. భీమన్న గబగబా తువ్వాలు తీసి అద్దం మీద కప్పాడు. గిన్నెలో నీళ్లు పట్టాడు. తల తడపడానికి చెయ్యి ముంచాడు.

ఇక్కడ తీసినా అడిగేవాడు లేడు. రేపటి నుంచి వచ్చే బలూచీలకూ మలబారీలకూ ఈ కుర్చీ సంగతి పట్టదు. ఖల్ఫాన్‌కు చెప్పినా తల తలే కదా అంటాడు. ఎవరికీ తెలియదు, తనకు తప్ప. తడి చెయ్యి మల్లేశం నెత్తి మీద ఆనింది. పగిలిన వేలికొసల కింద ఆ తల వెచ్చగా అదురుతోంది. ఇంతవరకు ఈ వేళ్లకు ఏ కబురూ తెలియడం లేదనుకున్నాడు. ఈ కబురు బాగానే తెలిసింది.

"లే," అన్నాడు. "గంగన్నా, ఆ డబ్బా పట్టు, నీళ్లు తీస్కో."

తెల్లకోటు విప్పి కుర్చీ వీపుకు తగిలించి, పొది చంకన పెట్టుకుని వెనక తలుపు తీశాడు.

*

వెనక వాగు. రూవీలో వాగంటే ఇసుక, గులకరాళ్లు, జీపులు పోయే దారి. వానొస్తే తప్ప నీళ్లుండవు. గంగన్న డబ్బానీళ్లు రాళ్ల మీద పోసి ఆ కాస్త చోటూ తడిపాడు, నది అనుకోవడానికి. మల్లేశం తూర్పుముఖంగా గొంతుకూర్చున్నాడు. చొక్కా విప్పి తువ్వాలు కొసముడి విప్పాడు. అందులో క్యాంపు నుంచి తెచ్చుకున్న బియ్యం. చావుతలకు మంగలి పైసలు ముట్టడు, పిడికెడు బియ్యం తీసుకుంటాడు. అది భీమన్న ముందు పెట్టి మల్లేశం తల వంచాడు.

కత్తి తెరుచుకుంది. కుడివైపు నుంచి మొదలుపెట్టాడు. ఎడమచేత్తో చర్మం బిగబట్టి, కత్తిని పడుకోబెట్టి, పొట్టిపొట్టిగా లాగుతున్నాడు. జుట్టు తడిరాళ్ల మీద పడుతోంది. మీసం దగ్గరికి వచ్చేసరికి మల్లేశం తనే పైపెదవి బిగించి మొహం పైకెత్తాడు.

సగం తల అయింది. అప్పుడు ఆ వాగుదారినే తెల్లజీపు వచ్చింది. దుకాణం ముందువైపు లారీ అడ్డంగా ఉండటంతో వెనకగా తిప్పుకొచ్చారు. దిగిన ఇద్దరిలో ఒకడు ఫైలు పట్టుకున్న ఇన్‌స్పెక్టరు, రెండో ఆయన ఖల్ఫాన్. ఆయన గడ్డం అప్పుడే దువ్వి ఉంది, బోణీ కోసం.

గంగన్న చేతిలో డబ్బా జారింది. మల్లేశం లేవబోయాడు.

"కూసో," అన్నాడు భీమన్న. "మొన్న సగం మొఖంతోటి వదిలేసిన. ఇయ్యాల వదల."

అతను తలెత్తి ఎవరి వంకా చూడలేదు. చూస్తే చర్మం తెగుతుంది. ఇన్‌స్పెక్టరు బూట్లు గులకరాళ్ల మీద రెండడుగులు చప్పుడు చేసి ఆగాయి. గంగన్న వచ్చీరాని హిందీలో "మా, మా మర్ గయీ, ఇస్కా మా" అంటున్నాడు. ఆ తర్వాత కత్తి చర్మం మీద గీకుతున్న చప్పుడు ఒక్కటే. ఎడమవైపు అయింది, మెడ అయింది. చెవుల వెనక కడిగాడు. కత్తి తుడిచి మడిచాక గానీ భీమన్న తలెత్తలేదు.

కుర్రాడు పొది వైపు చెయ్యి చాచలేదు. జామీను ఉన్నచోట వస్తువుతో పనేముంది? అతను మెల్లగా ఖల్ఫాన్ వైపు తిరిగాడు. ఆయన కళ్లలోకి చూడలేదు, గడ్డాన్ని చూశాడు. అంతే. కాగితం ఫైలులో పెట్టుకుని జీపెక్కాడు.

ముసలాయన వాగులో ఒంటరిగా నిలబడ్డాడు. ముఖం పాలిపోయింది. చెయ్యి గడ్డం దాకా వచ్చి, దాన్ని తాకకుండానే దిగిపోయింది. భీమన్న "అర్బాబ్" అన్నాడు. ఆయన వినలేదు. దుకాణంలోకి పోయి వెనక తలుపుకు గడియపెట్టుకున్నాడు. కాసేపటికి ముందు తలుపుకు తాళం వేసిన చప్పుడు వినిపించింది. తెల్లకోటు లోపలే ఉండిపోయింది.

సిమెంటు లారీలో ముగ్గురూ వెనక్కి వచ్చారు. మల్లేశం స్నానం చేసి అన్నం తిన్నాడు. నసీరుద్దీన్ గుమ్మంలో నిలబడి ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు. "దుకాన్ ఖతమ్?" అన్నాడు.

"ఖతమ్ సాబ్."

"శనివారం స్లాబు ఉంది. పార తీస్కో." తిడదామనుకున్నాడేమో, మల్లేశం గుండు చూసి ఊరుకున్నాడు.

*

శుక్రవారం భీమన్న చెట్టు దగ్గరికి పోలేదు. దుకాణం పోయినందుకు బాధగానే ఉంది, అబద్ధమెందుకు. వేళ్లు చూసుకుంటే ఇంకా బాధగా ఉంది. కానీ నిద్ర పట్టనివ్వనిది అది కాదు. తనను నమ్మి ఒక ముసలాయన నలుగురిలో గడ్డం పట్టుకున్నాడు, తను దాన్ని వాగులో పారేశాడు. మల్లేశానికి చేసింది న్యాయమే. ఖల్ఫాన్‌కు చేసింది అన్యాయమే. రెండూ ఒక్క కత్తితోనే చేశాడు. గాడిద గుడ్డు అనుకుని పొదిని పెట్టె అడుగున తోసేశాడు.

బయట తలలు పోగయ్యాయి. సిమెంటు తలలవాళ్లు అలవాటుగా నూనె రాసుకుని ఎండలో కూర్చున్నారు. "పని లేని మంగలి పిల్లి తల గొరిగిండంట. మనోనికి పనుండి గూడ పండుకున్నడు," అన్నాడు గంగన్న. నోరు మళ్లీ దారిలో పడింది.

అంతలో ట్యాంకరు హారన్ వినిపించింది.

ట్యాంకరు నీళ్లతొట్టి దగ్గర ఆగాలి. ఆగలేదు. క్యాంపు చుట్టూ తిరిగి, రాళ్ల మీద ఊగుతూ, చెట్టు దగ్గరికి పోయింది. ముందుకూ వెనక్కూ రెండు మూడుసార్లు జరిగి, చెట్టుకు పక్కగా, రోడ్డుకు అడ్డంగా నిలబడింది. ఖల్ఫాన్ దిగి డబ్బా మీద కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలికి తగిలించాడు.

"పిలుస్తున్నాడు," అన్నారు ఎవరో.

భీమన్న పొది తీసుకుని నడిచాడు. ఆయన ముందుకు పోయి, పొదిని ఆయన పాదాల దగ్గర పెట్టాడు. తీసుకుపొమ్మనడమే అది. ఖల్ఫాన్ దాని వంక చూడలేదు. గడ్డం పిడికిట పట్టుకున్నాడు, ఆ రోజు ఆఫీసులో పట్టుకున్నట్టే.

భీమన్న అనుకున్నాడు: తీసేయమంటాడు. జామీను పోయిందిగా, గడ్డం తీసేయమంటాడు. ఆ పని తన చేతితోనే చేయిస్తాడు.

"మా అమ్మ పోయినప్పుడు నేను బహ్రెయిన్‌లో ఉన్నాను," అన్నాడు ఖల్ఫాన్. "ఖర్జూరం కోతప్పుడు పోయింది. మళ్లీ చెట్లు పూతకొచ్చాక నాకు తెలిసింది. అప్పుడు మూటలు మోస్తున్నాను. మోస్తూనే ఉన్నాను."

తర్వాత గడ్డం వదిలి, పక్కనున్న ట్యాంకరును అరచేత్తో చరిచాడు. ఈసారి అందులో నీళ్లు లేవు, ఖాళీ ఇనుము గుడిగంటలా మోగింది.

"నాలుగు గోడలన్నాను. ఇది ఒకటి." వెనకనున్న గుట్టను చూపించాడు. "అది అల్లా కట్టింది." రేకుల రూముల వెనకభాగాన్ని చూపించాడు. "అది మీ కంపెనీది. మూడు. కప్పు గురించి నేను మాట ఇవ్వలేదు."

నాలుగోవైపు ఖాళీగా ఉంది. అటు నుంచి చూస్తే చెట్టు, డబ్బా, అన్నీ కనిపిస్తాయి. ఖల్ఫాన్ ఆ వైపు చూసి, భీమన్నను చూశాడు.

తలల మధ్య నుంచి మల్లేశం లేచాడు. మీసం లేని మొహం ఎవరిదో కొత్తవాడిదిలా ఉంది. భుజం మీది దుప్పటి తీసి, రెండు చేతులతో చాచి పట్టుకుని, ఆ ఖాళీ వైపు వచ్చి నిలబడ్డాడు. "నేనుంట అన్నా," అన్నాడు. "మీరు కానియ్యుండ్రి." నున్నటి గుండు మీద ఎండ పడుతోంది. రెండో కొస పట్టుకోవడానికి గంగన్న పోయాడు.

భీమన్న వంగి పొది విప్పాడు. అద్దం మేకుకు తగిలించబోతే ఖల్ఫాన్ వద్దన్నాడు.

"రేపు డ్యూటీ ఉందా?" అని అడిగాడు.

"ఉంది అర్బాబ్. స్లాబు."

ఆయన అతని చేతులు అందుకుని, పగిలిన వేళ్లను తిప్పి తిప్పి చూశాడు. వదిలేసి, కళ్లు మూసుకుని, మెడ వంచాడు.

"బోణీ," అన్నాడు.

భీమన్న నీళ్లలో చెయ్యి ముంచి, ఆ గడ్డాన్ని తడిపి, అంచులు సరిచేయడం మొదలుపెట్టాడు.